నాన్న 1992లో కట్టిన ఇల్లు రెన్యువేషన్: 3డి బొమ్మలో అమ్మ షోకేసుకి చోటు లేదు, హాలు, బెడ్‌రూములు ఎలా చేయించాలి?

తెనాలి_ఆడపడుచు:

అందరికీ నమస్తే అండి. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిక చేసుకుని చదవండి.

మా అమ్మానాన్నల ఇల్లు తెనాలిలో. నాన్న టీచరుగా చేస్తూ లోను పెట్టి 1992లో కట్టించారు, గ్రౌండ్ ఫ్లోరు ఒక్కటే, పైన డాబా. హాలు 18 బై 12, మూడు బెడ్‌రూములు, ముందు వరండా. స్లాబు పదడుగుల ఎత్తు. కింద అంతా మొజాయిక్, తెల్లటి దాంట్లో ఎర్ర, ఆకుపచ్చ రాతి ముక్కలు ఉంటాయే అది. ప్రతి గదిలో గోడలోనే కడప బండలతో అరలు, పైన అటక. గుమ్మాలు, కిటికీలు అన్నీ టేకు. జూన్‌లో నేను, మావారు, ఎనిమిదేళ్ళ మా బాబు హైదరాబాద్ నుంచి ఇక్కడికే వచ్చేస్తున్నాం, ఇద్దరికీ ఇంటి నుంచే పని కాబట్టి కుదిరింది. అందుకని ఇల్లంతా ఒకేసారి బాగు చేయిద్దామనుకున్నాం. బడ్జెట్ తొమ్మిది లక్షలు, మరీ అవసరమైతే ఇంకో లక్ష.

ఒక డిజైనర్‌ని పిలిస్తే కొలతలు తీసుకెళ్ళి వారంలో 3డి బొమ్మలు పంపారు. హాలంతా గ్రే, తెలుపు, మొత్తం ఫాల్స్ సీలింగు, టీవీ గోడకి నేల నుంచి పైదాకా మార్బుల్ లాంటి షీట్లు, ఎల్ షేపు సోఫా, కింద 2 బై 4 టైల్స్. చూడ్డానికి బాగానే ఉంది, నేను కాదనను. అమ్మకి ఫోన్లో చూపించా. కాసేపు అటూ ఇటూ జరిపి చూసి "బాగుందమ్మా, ఎవరిల్లు ఇది?" అంది. మనదే అమ్మా అంటే ఏం మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత నేనొక్కదాన్నే మళ్ళీ చూస్తే అర్థమయ్యింది, అందులో అమ్మ షోకేసు లేదు. అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి బొమ్మలు, నా చిన్నప్పటి కప్పులు, సంక్రాంతికి కొలువు పెట్టే బొమ్మలన్నీ అందులోనే ఉంటాయి. నాన్న పడక కుర్చీ వేసుకునే కిటికీ దగ్గర సోఫా మూల వచ్చింది. తాతయ్య వాళ్ళ ఫోటోలు కూడా ఎక్కడా లేవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

ఇవి కాక వేరే సమస్యలు. అమ్మావాళ్ళ గది 11 బై 10, బాత్రూం వైపు గోడ కింద రెండు మూడు అడుగుల మేర పెచ్చులు ఊడుతుంది, ఎన్నిసార్లు రంగు వేయించినా ఏడాదికి మళ్ళీ అంతే. మేము ఉండబోయే గది పడమర వైపు, ఎండాకాలం సాయంత్రం గోడ మీద చెయ్యి పెట్టలేం. ఫాల్స్ సీలింగ్ వేస్తే వేడి తగ్గుతుందని చెప్తున్నారు, నిజమేనా? బాబు గదికి వాడు ఆకాశం, నక్షత్రాలు, రాకెట్ మంచం కావాలంటున్నాడు. మొజాయిక్ తీసేయాలా ఉంచాలా తేలట్లేదు. కొత్తగానూ ఉండాలి, అమ్మ "మనిల్లే" అనుకునేలానూ ఉండాలి. ఇలాంటి పాత ఇళ్ళు చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

రంద_రంపం:

అమ్మా, నేను విజయవాడ, గుంటూరు వైపు ఇరవై రెండేళ్ళుగా చెక్కపని చేయిస్తున్నాను. ముందు ఒక పని చేయండి, డబ్బు ఖర్చు లేదు. మూడు రోజులు ఆ ఇంట్లో ఉండి ఎవరు ఏ టైములో ఎక్కడ కూర్చుంటున్నారో ఒక కాగితం మీద రాయండి. నాన్నగారు పేపరు ఎక్కడ చదువుతారు, అమ్మగారు కూరగాయలు ఎక్కడ కూర్చుని తరుగుతారు, మధ్యాహ్నం ఎవరు ఎక్కడ నడుం వాలుస్తారు, వచ్చినవాళ్ళు చెప్పులు ఎక్కడ విప్పుతారు, ఫోను ఛార్జింగు ఎక్కడ పెడతారు, అన్నీ. ఆ కాగితం తీసుకెళ్ళి డిజైనర్ ముందు పెట్టండి. ఆయన తప్పేం లేదు, మీరు ఖాళీ గది కొలతలిచ్చారు, ఆయన ఖాళీ గదికే బొమ్మ గీశాడు.

రెండోది ఆ చెమ్మ గోడ. దాని సంగతి తేల్చకుండా రంగు, వార్డ్‌రోబ్ ఏదీ ముట్టుకోవద్దు. ఒక అడుగు చదరం ప్లాస్టిక్ షీటు తీసుకుని నాలుగు పక్కలా టేపు గట్టిగా వేసి గోడకి అంటించి రెండు రోజులు వదిలేయండి. లోపలి వైపు, అంటే గోడని ఆనుకున్న వైపు నీటి చుక్కలు పడితే గోడలోంచే నీళ్ళు వస్తున్నట్టు. 92 ఇల్లంటే బాత్రూం గోడలో ఇనప పైపులే ఉండుంటాయి, ఇన్నేళ్ళకి తుప్పు పట్టి జాయింట్ల దగ్గర కారడం చాలా చోట్ల చూశాను. డ్యాంప్‌ప్రూఫ్ రంగు అని పై పైన పూస్తే లోపల నీళ్ళు ఇంకో చోటికి పోయి అక్కడ ఉబ్బుతుంది, అంతే.

ఇక గది. 11 బై 10లో చాలామంది చేసే తప్పు, పక్క గోడకి రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ పెట్టి మిగిలిన ఎనిమిదడుగుల్లో ఆరడుగుల కింగ్ సైజు మంచం ఇరికిస్తారు, రెండు పక్కలా అడుగు అడుగే మిగులుతుంది, పెద్దవాళ్ళు లేచి నడవాలంటే గోడ పట్టుకోవాలి. మీరు పదడుగుల గోడకి మంచం తల పెట్టండి, ఎదురు పదడుగుల గోడకి వార్డ్‌రోబ్ పెట్టండి. క్వీన్ సైజు 5 బై 6.5 తీసుకుంటే రెండు పక్కలా రెండున్నర అడుగులు, కాళ్ళ దగ్గర కూడా రెండున్నర అడుగులు వస్తుంది, తలుపులు హాయిగా తెరుచుకుంటాయి. ఏది కొనేముందైనా ఆ సైజు సుద్దముక్కతో నేల మీద గీసి దాని చుట్టూ నడిచి చూడండి. నాన్నగారిని కూడా నడిపించండి.

ప్లైవుడ్ విషయంలో షాపువాడు వాటర్‌ప్రూఫ్ అంటే ఆగిపోకండి, షీటు మీద ఐఎస్ఐ ముద్ర, నంబరు చూడండి. ఐఎస్ 303 అంటే మామూలు ప్లై, అందులోనే ఎంఆర్ (కాస్త చెమ్మకి తట్టుకునేది), బిడబ్ల్యూఆర్ (మరిగే నీళ్ళకీ తట్టుకునేది) అని రెండు రకాలు, తడికి బిడబ్ల్యూఆర్ మేలు. ఐఎస్ 710 అంటే మెరైన్, తడికి ఇంకా గట్టిగా నిలిచేది. బెడ్‌రూం వార్డ్‌రోబ్‌కి 303 బిడబ్ల్యూఆర్ 18 ఎంఎం చాలు, బాత్రూం గోడ పక్కన వచ్చేదానికి మాత్రం 710 వేయించండి. పాత ఇల్లు కాబట్టి చెక్కపనికి ముందే చెదల మందు కొట్టించండి, గోడ నేల కలిసే చోట అడుగుకో చిల్లు వేసి మందు పోసి మూసేస్తారు.

ఆ టేకు గుమ్మాలు మాత్రం ఎవరు చెప్పినా తీయకండమ్మా. ఇప్పుడు అలాంటి చెక్క కొనాలంటే మీ బడ్జెట్టంతా గుమ్మాలకే పోతుంది. పాత రంగు గీకించి, ఉప్పు కాగితం పట్టించి, పాలిష్ పెట్టిస్తే చాలు.

కరీంనగర్_కోడలు:

అక్కా నమస్తే. మా అత్తగారిల్లు గూడ గట్లనే పాతది, పోయినేడు చేయించినం. మొజాయిక్ అస్సలు తియ్యకుండ్రి. మేం గూడ దాని మీదనే టైల్స్ ఏద్దామనుకున్నం, మేస్త్రీ వచ్చి చూసి నేల ముప్పావు అంగుళం దాక లేస్తది, అన్ని తలుపులు కింద కొయ్యాలె, గడపలు గూడ తక్కువైతయి అన్నడు. తవ్వి తీద్దామంటే దుమ్ము, చెత్త మోసుడు, మళ్ళ కింద బెడ్డు ఏసుడు. గప్పుడు మా మామయ్య పాలిష్ చేయించి చూద్దాం అన్నరు. మిషిను తెచ్చి ముందు గరుకు రాయితోని, తర్వాత నున్న రాళ్ళతోని నీళ్ళు పోసుకుంట రుద్దిన్రు, ఆఖర్ల ఆక్సాలిక్ పౌడర్ ఏసి పాలిష్ పట్టిన్రు. మాకు అడుక్కి నలభై పడ్డది. లోపల నుంచి గా రాళ్ళ రంగులు మళ్ళ బయటికి వచ్చినయి, మా అత్తమ్మ అయితే పెండ్లయి వచ్చిన రోజు ఇట్లనే ఉండె అని నేల మీద చెయ్యి పెట్టి చూసుకున్నది. ఎండకాలం గా నేల మీద పండుకుంటే ఎంత సల్లగుంటదో మీకు నేను చెప్పే పనే లేదు. కని రుద్దేటప్పుడు సున్నం నీళ్ళ లెక్క బురద గోడల మీద చిందుతది, అందుకని రంగులకు ముందే చేయించుకోండ్రి, ఆఖరు పాలిష్ ఒక్కటి పనులన్నీ అయినంక.

ఇంకోటి, ఫాల్స్ సీలింగ్ ఏస్తే ఉడుకు పోతదా అన్నరు. కొంచెం తగ్గుతది గని అసలు ఉడుకు స్లాబు మీదికెల్లి కదా వచ్చేది. ముందు డాబా మీద కూల్ రూఫ్ పెయింట్, గదే ఎండను వెనక్కి కొట్టే తెల్ల రంగు, రెండు కోట్లు ఏయించుండ్రి. మా తెలంగాణల 2023ల కూల్ రూఫ్ పాలసీ అని సర్కారే తెచ్చింది, గప్పటి నుంచి మస్తు మంది ఏయిస్తున్నరు. కొన్నేండ్లకోసారి మళ్ళ ఏయాల్సి వస్తది, దుమ్ము పడితె పని చెయ్యదు, కడుక్కుంట ఉండాలె. పడమటి కిటికీకి లోపల పరదా కన్నా బయట నీడ ముఖ్యం. మేము వెదురు తడికలు కట్టినం, ఎండకాలం రెండు నెలలు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుతం, గా వాసనకే పాణం సల్లవడతది.

హాల్ల కింద ఏసేటందుకు ఓరుగల్లు దర్రీ ఒకటి తెచ్చుకోండ్రి, నూలుతోని నేసిన తివాచీ. మొజాయిక్ మీద మంచిగ కుదురుతది, ఉతుక్కోవచ్చు. గోడకు మేం చేర్యాల బొమ్మ, గుడ్డ మీద గీసేది, ఒకటి పెట్టినం, ఎర్ర రంగు మీద ఉంటది, ఒక్కటి చాలు గోడకు, ఇంకేం అక్కర్లేదు.

తెనాలి_ఆడపడుచు:

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. చెల్లీ, మీ అత్తయ్యగారి మాట చదివి నాకు కళ్ళు చెమర్చాయి. మొజాయిక్ ఉంచేస్తున్నాం, ఫిక్స్. ప్లాస్టిక్ షీటు ఇవాళే అంటించాం. ఇంకో డౌటు, లైట్ల గురించి. ఇప్పుడు హాల్లో రెండు ట్యూబ్‌లైట్లే, ఫాల్స్ సీలింగు లేకపోతే కొత్త లైట్లు ఎలా వస్తాయి? డిజైనర్ ఒక్క హాల్లోనే పద్దెనిమిది స్పాట్‌లైట్లు చూపించారు. రంగులు ఎలా ఎంచుకోవాలో కూడా ఎవరైనా చెప్పండి.

కరెంటు_మాస్టారు:

అమ్మాయ్, నేను విద్యుత్ శాఖలో చేసి రిటైర్ అయినవాణ్ణి. లైట్లకంటే ముందు వైరింగ్ సంగతి చూడమ్మా. ముప్పై ఏళ్ళు దాటిన వైరింగ్, అప్పుడు ఏసీ, గీజరు, ఇద్దరికీ కంప్యూటర్లు ఇవన్నీ లెక్కలో లేవు. గోడలు కోయాల్సిన పని కాబట్టి పుట్టీ పెట్టకముందే అవ్వాలి, రంగులయ్యాక చేయిస్తే రెండింతల ఖర్చు. లైట్లకి ఒకటిన్నర, ప్లగ్గులకి రెండున్నర, ఏసీకి నాలుగు చదరపు ఎంఎం రాగి వైరు విడిగా లాగించు. ఎర్తు వైరు ప్రతి ప్లగ్గుకీ రావాలి, ఎర్తు గొయ్యి కొత్తది తీయించు. మెయిన్‌లో ఎంసీబీలతో (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేవి) పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేది) తప్పనిసరిగా పెట్టించు, షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే. చిన్నపిల్లాడు, పెద్దవాళ్ళు ఉన్న ఇల్లు, ఇక్కడ మాత్రం పైసా తగ్గించవద్దు.

ఇప్పుడు లైట్లు. డబ్బా మీద 3000కె అని ఉంటే పసుపు వెలుగు, 4000కె అంటే మధ్యస్థం, 6500కె అంటే పాత ట్యూబ్‌లైటులా తెల్లటి వెలుగు. హాల్లో కూర్చునే చోట, పడక గదుల్లో 3000, నాన్నగారు చదివే చోట, బాబు చదువుకునే బల్ల మీద 4000. ఒకే గదిలో ఎలా పడితే అలా కలిపితే ఒక గోడ పసుపు, ఒక గోడ నీలంగా కనపడి కంటికి ఇబ్బంది. ఫాల్స్ సీలింగు లేకపోయినా ఏం నష్టం లేదు, గోడకి దీపాలు, మూలన ఒక నిలువు దీపం, షోకేసులో చిన్న ఎల్ఈడీ పట్టీ, ఇలా నాలుగు చోట్ల నుంచి వెలుగు వస్తే పైనుంచి పద్దెనిమిది స్పాట్లు గుచ్చినదానికంటే హాయిగా ఉంటుంది. నాన్నగారి కుర్చీ వెనకాల, భుజం మీదుగా పేపరు మీద పడేలా ఒక దీపం పెట్టించమ్మా. వయసు మీదపడ్డాక చదవడానికి ఎక్కువ వెలుగు కావాలి, నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఫాల్స్ సీలింగు వేసినా ఫ్యాను కొక్కెం స్లాబుకే ఉండాలి, సీలింగుకి బిగించకూడదు. రెక్కలకీ పైకప్పుకీ మధ్య అడుగు దాకా ఖాళీ లేకపోతే గాలి సరిగా రాదు. పదడుగుల ఎత్తులో ఆరంగుళాలు సీలింగుకి పోతే ఫ్యాను ఇంకా కిందకి దిగుతుంది, ఆ లెక్క చూసుకుని చెప్పు వాళ్ళకి.

విశాఖ_అలలు:

హాయ్ అండి. నాకు మీ అమ్మానాన్నల గది గురించే చెప్పాలనుంది, ఎందుకంటే మేం ఆ తప్పు చేసి బాధపడ్డాం. మూడేళ్ళ క్రితం మా ఫ్లాటు చేయించినప్పుడు హాలు మీద పెట్టిన శ్రద్ధ అత్తయ్య గది మీద పెట్టలేదు, మిగిలిన సామానంతా ఆ గదిలోకి సర్దేశాం, నేలకి నిగనిగలాడే టైల్స్, మంచం మోడ్రన్ అని బాగా కిందకి ఉండేది కొన్నాం. ఒక రాత్రి బాత్రూంకి లేచి స్విచ్చు కోసం చీకట్లో తడుముకుంటూ పడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యి నడుస్తున్నారు కానీ నాకు ఇప్పటికీ ఆ గది చూస్తే బాధే.

అందుకని చెప్తున్నా, మంచం పరుపుతో కలిపి పద్దెనిమిది అంగుళాలు, ఇంకొంచెం ఎక్కువైనా పర్లేదు, కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి. తలుపు దగ్గర ఒకటి, మంచం మీద నుంచే చెయ్యి అందేలా ఒకటి, టూ వే స్విచ్చు, అంటే ఒకే లైటు రెండు చోట్ల నుంచీ వేసి ఆర్పేలా. మంచం నుంచి బాత్రూం దాకా నేలకి అడుగు ఎత్తులో చిన్న రాత్రి దీపం. ఆ దారిలో కాలిపట్టాలు, కార్పెట్లు ఏవీ వద్దు, బాత్రూంలో పట్టుకోడానికి స్టీలు రాడ్డు. అటకల మీద వాళ్ళకి రోజూ కావల్సినవేవీ పెట్టకండి, వార్డ్‌రోబ్‌లో వాళ్ళ బట్టలు నడుం ఎత్తు నుంచి భుజం ఎత్తు లోపలే ఉండాలి. ఇవేవీ ఫోటోల్లో కనపడవు కానీ రోజూ రాత్రి పనికొచ్చేవి ఇవే.

రంగుల గురించి అడిగారు కదా, షేడ్ కార్డు చూసి ఎప్పుడూ డిసైడ్ అవ్వకండి. నచ్చిన మూడు రంగులు చిన్న డబ్బాలు తెచ్చి రెండడుగుల చదరం చొప్పున గోడ మీద వేయించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లలో చూడండి, అదీ ఎండ పడే గోడ మీద ఒకసారి, పడని గోడ మీద ఒకసారి. మీకు మొజాయిక్ ఉంది కాబట్టి నేలలో ఉన్న రాళ్ళ రంగుల్లోంచే ఒకటి బాగా లేత చేసి తీసుకుంటే గోడ, నేల కలిసిపోతాయి. టేకు గుమ్మాల పక్కన ఆ గ్రే మాత్రం నాకు నచ్చదు, చెక్క వెలవెలబోతుంది.

కర్టెన్లకి మీ దగ్గర్లోనే పెడన ఉంది కదా, అచ్చుల కలంకారీ గుడ్డ తెచ్చుకోండి. సహజ రంగులది అయితే పడమటెండకి వెలిసిపోతుంది కాబట్టి వెనకాల లైనింగ్ వేయించండి, మొదటి ఉతుకు విడిగా. రాడ్డు కిటికీ ఫ్రేము మీద నాలుగైదు అంగుళాలు పైకి పెట్టి, గుడ్డ కిటికీ వెడల్పుకి రెండింతలు తీసుకుంటే కుచ్చులు నిండుగా పడతాయి.

బెంగళూరు_బాల్కనీ:

నేను కొంచెం వేరేగా చెప్తా, తప్పుగా అనుకోకండి. పాతవన్నీ ఉంచండి అని అందరూ అంటున్నారు, మనసుకి బానే ఉంటుంది, కానీ అయిదుగురు ఉండబోయే ఇల్లు, ఇద్దరి ఆఫీసు సామాను, పిల్లాడి సామాను కొత్తగా వస్తుంది. అమ్మగారి షోకేసు ఉంచండి, కానీ అందులో ఉన్న ప్రతి కప్పు, ప్రతి ప్లాస్టిక్ పువ్వు ఉంచాలని లేదు. మా అమ్మ దగ్గర కూర్చుని ఒక్కొక్కటి తీసి ఇది ఎక్కడిది అని అడిగా, కథ ఉన్నవి ఒక పక్క, ఏమో గుర్తులేదు అన్నవి ఇంకో పక్క. సగం ఖాళీ అయింది, అమ్మే ఖాళీ చేసింది, నేను ఒక్కటి కూడా తీయలేదు. రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులు నాకు చాలా విలువైనవి, తాతగారి గురించి నాకు తెలియనివి ఎన్నో తెలిశాయి. కొండపల్లి బొమ్మలు పొణికి చెక్కవి కదా, చాలా మెత్తన, తడిగుడ్డ పెట్టకండి, మెత్తటి బ్రష్షుతో దులపండి, అద్దం తలుపులు సందు లేకుండా ఉంటే దుమ్ము పడదు. ఎండ నేరుగా పడే గోడకి మాత్రం పెట్టకండి.

ఫాల్స్ సీలింగు కూడా పూర్తిగా వద్దు అనక్కర్లేదు, మీ ఇద్దరి గదిలో ఏసీ పైపు, వైర్లు దాచడానికి ఒక పక్క మాత్రం రెండడుగుల పట్టీ వేయించుకోవచ్చు. టీవీ 55 అంగుళాలదైతే ఏడెనిమిది అడుగుల దూరం చాలు, మధ్య భాగం నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో, అంటే కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా. 3డిల్లో చాలా పైకి పెడతారు, మెడ నొప్పి.

బాబు గదికి రాకెట్ మంచం వద్దండి, రెండేళ్ళలో వాడే వద్దంటాడు. మామూలు సింగిల్ మంచం, కింద సొరుగులు, ఒక గోడకి ముదురు నీలం, దాని మీద వాడే చీకట్లో మెరిసే నక్షత్రాలు అంటించుకుంటాడు, ఏ నక్షత్రం ఎక్కడో పుస్తకం చూసి మీరిద్దరూ కలిసి అంటించండి. మళ్ళీ వద్దంటే ఒక రోజు రంగు పని.

తెనాలి_ఆడపడుచు:

మూడు వారాల తర్వాత అప్‌డేట్. ముందుగా అందరికీ చేతులెత్తి దణ్ణం.

ప్లాస్టిక్ షీటు లోపలి వైపే చుక్కలు పడ్డాయి. ప్లంబర్ బాత్రూం వైపు పగలగొడితే కుళాయి వెనక ఇనప పైపు ఎల్బో పూర్తిగా తినేసి ఉంది, ఎన్నేళ్ళుగా కారుతోందో. పైపులన్నీ సీపీవీసీ (తుప్పు పట్టని ప్లాస్టిక్ రకం) వేయించాం, అమ్మావాళ్ళ గది గోడ నాలుగడుగుల దాకా ప్లాస్టరింగ్ కొట్టేసి మళ్ళీ చేశారు, అది బాగా ఆరాకే రంగు, ఆ గది అన్నిటికంటే ఆఖరున పెట్టుకున్నాం. ఈలోపు వాళ్ళు మధ్య గదిలో పడుకుంటున్నారు.

రంద_రంపం గారూ, మీరు చెప్పిన కాగితం రాశానండి. నాన్న పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా కిటికీ దగ్గరే. అమ్మ పదింటికి వరండా గుమ్మంలో నేల మీద కూర్చుని కూరగాయలు తరుగుతుంది, అక్కడ గాలి వస్తుందని. మధ్యాహ్నం ఇద్దరూ హాల్లో ఫ్యాను కింద చాప వేసుకుని పడుకుంటారు. మూడు రోజుల్లో సోఫాలో కూర్చున్నది ఒక్కసారి, అదీ పక్కింటావిడ వచ్చినప్పుడు! ఆ ఇంట్లోనే పెరిగి నేను ఇది చూడనేలేదు. ఎల్ సోఫా తీసేసి, ఒక గోడకి ఆరడుగుల దివాను, కింద సొరుగులతో, ఎదురుగా రెండు కుర్చీలు అనుకున్నాం. మధ్యలో ఖాళీ ఉంచేస్తున్నాం, చాపకి. అమ్మ కూర్చునే గుమ్మం పక్కన గోడకి తక్కువ ఎత్తులో ఒక అర, కత్తిపీట, బుట్ట పెట్టుకోడానికి.

షోకేసు టీవీ గోడ నుంచి భోజనాల బల్ల పక్క గోడకి మారింది, వంటింట్లోంచి నేరుగా కనపడుతుంది. పాలిష్ పెట్టించి కొత్త అద్దాలు, లోపల పసుపు వెలుగు పట్టీ. బొమ్మలన్నీ తీసి అమ్మతో కూర్చున్నాం, బెంగళూరు_బాల్కనీ గారు చెప్పినట్టే. దశావతారాల సెట్లో ఒక బొమ్మ లేదు, వామనుడు. అది నేను మూడో క్లాసులో స్కూలుకి తీసుకెళ్ళి పోగొట్టానట, అమ్మ ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా అనలేదు. వచ్చే ఆదివారం కొండపల్లి వెళ్తున్నాం, వామనుడి కోసం.

తాతయ్య వాళ్ళ ఫోటోలు స్కాన్ తీయించి ఒకే సైజు టేకు ఫ్రేముల్లో వరండా నుంచి హాల్లోకి వచ్చే గోడకి. అసలు ఫోటోలు ఆల్బంలో పెట్టి బీరువాలో దాచాం. మొజాయిక్ మొదటి రుద్దుడు అయింది, ఆకుపచ్చ రాళ్ళు ఇంత బాగుంటాయని నాకు గుర్తే లేదు. వైరింగ్ అయింది, మాస్టారుగారూ, ఆర్‌సీసీబీ పెట్టించాం, నాన్న కుర్చీ వెనక దీపానికి పాయింటు కూడా వచ్చింది. అమ్మావాళ్ళ మంచం దగ్గర టూ వే స్విచ్చు, నేల దగ్గర రాత్రి దీపం, బాత్రూంలో రాడ్డు, విశాఖ అక్క చెప్పినవన్నీ.

హాలు గోడకి మూడు రంగులు వేసి పెట్టాం, లేత గంధం, మొజాయిక్‌లో ఆకుపచ్చని బాగా లేత చేసింది, ఇంకోటి క్రీము. నాలుగు రోజులుగా అమ్మ వచ్చేప్పుడూ పోయేప్పుడూ ఆగి చూస్తోంది. నిన్న రాత్రి లైటు వేసి గంధం రంగు మీద చెయ్యి పెట్టి "ఇది వేయించు, మా అమ్మ వాళ్ళింట్లో సున్నంలో ఇట్లాంటి రంగే కలిపేవాళ్ళు" అంది. పెయింటర్లు సోమవారం వస్తున్నారు.

రంద_రంపం:

సంతోషం అమ్మా. సోమవారం కన్నా ముందు గుమ్మాలకి, కిటికీలకి టేపు వేయించండి, పుట్టీ పడితే టేకులోకి ఇంకి తెల్ల మచ్చ ఉండిపోతుంది, పాలిష్‌లో కూడా పోదు. ఆఖరి కోటు రంగు చెక్కపనంతా అయ్యాక వేయించుకోండి. షోకేసు ఆ గోడకి బిగించేటప్పుడు వెనకాల అర అంగుళం సందు వదలమనండి.